దీనమ్మకు నేను తీసిచ్చిన వాగ్దానం

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాటలు నా నోట రావు. పదిహేనేళ్లు రాలేదు. ఒక ఆడమనిషి బతుకును నేను నా చేత్తో పక్కకు తిప్పాను. తిప్పి, అది దేవుడు చేసిన పని అని ఆమెనే నమ్మించాను. ఈ బరువు గుండెల మీద పెట్టుకుని ప్రతి ఆదివారం తెల్లచీర కట్టి ముందు చాప మీద కూర్చున్నాను, పాటలు ఎత్తుకున్నాను, కష్టాల్లో ఉన్నవాళ్ల తలల మీద చేతులు పెట్టి ప్రార్థించాను. ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

నా పేరు చెప్పను. పిరికిది అనుకుంటారేమో, అనుకోండి. ఎర్రగుంట్లకు దగ్గర్లో ఒక ఊళ్లో మా ఆయన చాలా ఏళ్లు సంఘకాపరిగా పనిచేశారు. అందరూ ఆయన్ను అయ్యగారు అనేవాళ్లు, కాబట్టి నేను అమ్మగారిని. నాపబండలు పరిచిన చిన్న మందిరం మాది. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము కిటికీలు మూసినా లోపలికి వచ్చేది. ఆదివారం పొద్దున్నే చాపలు దులపడంతో నా పరిచర్య మొదలయ్యేది. దులపడం, ఊడవడం, పాటలు నేర్పడం, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం. ఇవన్నీ నాకు బాగా వచ్చు. నమ్మడం ఒక్కటే సరిగా రాలేదు.

దీనమ్మ మా సంఘంలో మనిషి. బండల ఫ్యాక్టరీలో పనిచేసేది. పాలిష్ అయిన బండల్ని మిషను దగ్గరి నుంచి ఎత్తి వరసగా పేర్చాలి. రోజంతా నీళ్లలో, రాతి బురదలో నాని ఆమె వేళ్ల కొసలు తెల్లగా ముడుచుకుపోయి ఉండేవి. మొగుడు యేసోబు కువైట్‌కు డ్రైవరు పనికి పోయాడు. మా వైపు అది వింతేమీ కాదు, ఇంటికొకరు పోయినవాళ్లే. అతను పోయేనాటికి వాళ్ల కూతురు బ్లెస్సీకి మూడేళ్లు. అప్పట్లో దీనమ్మకు ఫోను లేదు. కువైట్ ఫోన్లన్నీ మా ఇంటికే వచ్చేవి. ఎవరికి వస్తే వాళ్ల కోసం నేను వీధి చివరిదాకా పోయి కేకేసేదాన్ని. యేసోబు మొదట నెల నెలా చేసేవాడు. తర్వాత పండక్కి పండక్కి. తర్వాత అదీ మానేశాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. సాకు కోసం చెబుతున్నానా? ఏమో, చెబుతున్నానేమో. మీరే చూడండి. ఆ రోజుల్లో నాకు ప్రార్థన ఎండిపోయింది. పెద్ద కష్టం వచ్చి కాదు. కష్టం వచ్చి ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. ఒకనాడు మోకాళ్ల మీద ఉండగా, లైను కట్ అయిపోయిన సంగతి తెలియక ఇంకా మాట్లాడుతూనే ఉన్న మనిషిలా అనిపించింది నాకు. అంతే. ఆ తర్వాత ఎంత పిలిచినా అవతల చప్పుడు లేదు. అయ్యగారి భార్యకు ఇలా జరిగితే ఎవరితో చెప్పుకుంటుంది? అయ్యగారితో చెబితే ఆయన ఉపవాసం ఉంటారు, నన్నూ ఉండమంటారు. సంఘంతో చెబితే ఇంక సంఘమే ఉండదు. అలవాటు కొద్దీ పెదాలు ఆడిస్తూ ఉండిపోయాను.

దీనమ్మ ప్రార్థన అలా ఉండేది కాదు. ఆమెకు పెద్ద మాటలు రావు. ‘నాయనా, నువ్వుండావు గదా, నాకు చాలు’ అని మొదలుపెట్టి, ఎదురింటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేది. బండ జారి కాలి మీద పడిన సంగతీ చెప్పేది, బియ్యం అయిపోయిన సంగతీ చెప్పేది. చెప్పి, కాసేపు ఊరికే కూర్చునేది. ఆ ఊరికే కూర్చోవడం చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. ఎవరో నిజంగా ఉంటే తప్ప మనిషి అలా కూర్చోలేదు. బుధవారం ప్రార్థన కూడికలో కావాలని ఆమె పక్కన చేరేదాన్ని. చలికాలం పొద్దున పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నట్టు, ఆమె నమ్మకం దగ్గర నేను కాచుకునేదాన్ని. ఆమె నమ్ముతోంది కదా, అయితే ఆయన ఉన్నాడేమో అనుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఫోను మోగింది. అయ్యగారు ఊళ్లో లేరు. యేసోబు. దీనమ్మను పిలుస్తాను, ఉండమన్నాను. వద్దన్నాడు.

“పిలవొద్దు అమ్మగారూ. మీతోనే చెప్పల్లని చేసినా. నేనింక రాను. ఈడ నాకు వేరే సంసారం ఉండాది. నా కోసం చూడొద్దని దానికి చెప్పండి. దాని దారి అది చూసుకోమనండి.”

నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎవరో అరబ్బీలో ఏదో అన్నారు. ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ మాట ఎలా చెప్పాలా అని వెతుక్కుంటూనే ఉన్నాను, నిజం. కానీ ఫోను మోగడం పక్కింటావిడ విన్నది, నేను యేసోబూ అనడం విన్నది, కబురు పంపేసింది. నేను గడప దాటకముందే దీనమ్మ పరుగెత్తుకొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి అటే వచ్చినట్టుంది, మోచేతుల దాకా బురద. ఏమన్నాడు అని అడగలేదు. నా ముఖం చూస్తూ నిలబడింది. బాగున్నాడంట, మాట సరిగా వినపడలేదు, మధ్యలో కట్ అయింది, అన్నాను.

ఆమె అక్కడే, గడపలోనే, కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. కన్నీళ్లు బురద చేతులతో తుడుచుకుంటే బుగ్గల మీద బూడిదరంగు చారలు పడ్డాయి. నా అబద్ధానికి ఆమె దేవుణ్ని స్తుతించింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇంకో నిమిషం, ఇంకో రోజు, ఈ ఆదివారం అయిపోనీ అనుకున్నాను. ఆ ఆదివారం ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఏడాదిగా చీకట్లో ఉన్నదానికి దేవుడు ఒక మాట వినిపించాడనీ, ఇంక ఎన్నాళ్లయినా మొగుడి కోసం ఎదురుచూస్తూ కనిపెట్టుకుంటాననీ. ఆడవాళ్లంతా ఏడ్చారు. తాగుడు మానలేకపోతున్న ఒకాయన ఆ రోజే ముందుకొచ్చి మోకరించాడు. ఆ తర్వాత చుట్టుపక్కల సంఘాల వాళ్లు ఉపవాస కూడికలకు ఆమెను పిలిపించుకోవడం మొదలుపెట్టారు. అయ్యగారు ప్రసంగాల్లో ఆమెను చూపించేవారు. ఓర్పు అంటే ఇదీ అని. నేను తల ఊపేదాన్ని.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని తీర్ల అడుక్కున్నానో. జాలి అని కొన్నాళ్లు చెప్పుకున్నాను. ఇంత చిన్న బిడ్డతో ఒక్కతే, తట్టుకోలేదు అని. సంఘం కోసం అని కొన్నాళ్లు. కానీ లోపల్లోపల నాకు తెలుసు. ఆమె విరిగిపోతే ఆమె ప్రార్థన కూడా ఆగిపోతుందేమోనని నా భయం. అది ఆగితే నేను ఎక్కడ కాచుకుంటాను? ఆమె కోసం దాచలేదు. నా కోసం దాచాను. ఈ ఒక్క మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇది మొదటి తప్పు. ఇక్కడితో ఆగి ఉంటే, భయపడిన ఆడది అబద్ధం ఆడింది అనుకోవచ్చు. రెండోది అలాంటిది కాదు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరికీ ఒక వాగ్దానపు కార్డు. అచ్చేసిన చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. వాటిని పళ్లెంలో బోర్లా పరిచి, మీద తెల్లగుడ్డ కప్పి, ప్రార్థన చేస్తారు. ఒక్కొక్కరూ వచ్చి గుడ్డ కింద చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషితో అన్నమాట. గోడకు అంటించుకుంటారు, బీరువా తలుపుకు అంటించుకుంటారు. బర్రె కొనాలా, బిడ్డను ఏ ఊళ్లో చదివించాలి, అన్నీ ఆ కార్డు చూసుకునే. డెబ్బై దాటిన మా దావీదు తాతకు ముసలితనంలో కూడా ఫలిస్తావనే కార్డు వచ్చిన సంవత్సరం, ఆయన భార్య మందిరం మెట్ల మీదే “ఇంగేం ఫలిస్తావు సామీ నువ్వు” అని అడిగింది. ఏడాదంతా ఊరు నవ్వింది. నవ్వారే గానీ, కార్డును మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. పళ్లెం పట్టుకునేది నేను.

యేసోబు ఫోను వచ్చిన రెండో డిసెంబరు అది. సంవత్సరం చివరి రోజు మధ్యాహ్నం దీనమ్మ, నేను మందిరం కడుగుతున్నాం. నీళ్లు పోస్తూ పోస్తూ ఆమె ఆగింది.

“అమ్మగారూ, సామేలు అడిగినాడు. నన్నూ బిడ్డనూ చూసుకుంటానంటాండాడు. ఓర్వకల్లు కాడ పని దొరికిందంట. వచ్చే నెల పోతాండాడు.”

సామేలు అదే ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేసేవాడు. భార్య చనిపోయి మూడేళ్లు. మందిరంలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు, మైకు మొరాయిస్తే లేచి వచ్చి వైరు సరిచేసి మళ్లీ వెనక్కి పోయేవాడు. పాట రాగం అతనికి ఎప్పుడూ కుదిరేది కాదు, అయినా మానేవాడు కాదు. మంచివాడు. అతని గురించి చెడ్డ మాట వెతకాలని ఆ రోజు చాలా ప్రయత్నించాను, దొరకలేదు.

“నువ్వేమన్నావు?” అని అడిగాను.

“ఏమంటాను? మనసు శానా కొట్టుకుంటాంది. మీ దగ్గర దాపరికమేంది, ఒక్కదాన్నే ఉండి ఉండి అలిసిపోయినా అమ్మగారూ. రేపు కార్డు ఏమొస్తే అదే. కనిపెట్టుకోమని వస్తే యేసోబు కోసం కూర్చుంటా. ఇంకేదొచ్చినా సామేలుకు సరే అంటా. నాకు తెలీదు, దేవునికే ఇడిసినా.”

అలిసిపోయినా అన్నది. ఆ మాట ఆమె నోట అంతకు ముందు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు. చేతిలో చీపురు పట్టుకుని నేను ఏమన్నానో తెలుసా? మంచిది, ప్రార్థన చేద్దాం, అన్నాను.

సాయంత్రం కార్డులు పరచడానికి ఒక్కదాన్నే పోయాను. సామేలుతో పెండ్లి అంటే సంఘం ముందుగా యేసోబు సంగతి తేల్చమంటుంది. కువైట్‌లో ఉన్న మనవాళ్లు అతన్ని పట్టుకుని అడుగుతారు. ఎప్పుడో అమ్మగారికి చెప్పినా గదా అంటాడు. అప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అదొకటి. ఆమె ఓర్వకల్లు పోతే బుధవారం నా పక్కన ఎవరుంటారు? అది ఇంకొకటి. మొగుడు బతికుండగా ఇంకో పెండ్లి పాపం కదా, ఆమెను పాపం నుంచి తప్పిస్తున్నాను అని కూడా అనుకున్నాను. మొదటి రెండు కారణాలూ కనపడకుండా ఈ మూడోదాన్ని మీద కప్పుకున్నాను. కార్డులన్నీ తిరగేసి, ధైర్యంగా ఉండి ప్రభువు కోసం కనిపెట్టుకొమ్మనే కార్డు వెతికి తీశాను. నడుము దగ్గర చీరలో దోపుకున్నాను. మందిరంలో, ప్రభువు బల్ల ముందు నిలబడే ఈ పని చేశాను. నా చేతులు వణకలేదు. అది తలుచుకుంటేనే ఇప్పటికీ నాకు భయం.

పొద్దున దీనమ్మ వంతు వచ్చింది. బ్లెస్సీ ఆమె కొంగు పట్టుకుని ఉంది. నా ఆలోచన ఏమిటంటే, ఆ కార్డును గుడ్డ అంచు కింద ముందుకు పెట్టి, పళ్లెం ఆమె వైపు వంచడం. ఆ అవసరం కూడా రాలేదు. ఆమె చెయ్యి ముందుకు చాచి వెనక్కి తీసుకుంది.

“మీరే తీసియ్యండి అమ్మగారూ, నా చేతులు వణుకుతాండాయి. మీ చెయ్యయితే దేవుని చెయ్యే.”

గుడ్డ కింద చెయ్యి పెట్టాను. అరచేతిలో అప్పటికే ఉన్న కార్డును బయటికి తీసి ఆమెకు ఇచ్చాను.

ఆమె చదువుకుంది. ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. ఏడవలేదు, నవ్వలేదు. బరువెత్తే ముందు ఫ్యాక్టరీలో కాళ్లు కుదురుగా పెట్టుకుంటుందే, అలా నిలబడింది. తల తిప్పి వెనక గోడ వైపు చూసింది. సామేలుకు అర్థమైంది. అతను చూపు దించుకున్నాడు. సంక్రాంతి కూడా కాకముందే ఓర్వకల్లు పోయాడు. కొన్నేళ్లకు అక్కడే పెండ్లి చేసుకున్నాడని విన్నాను. బాగున్నాడంట.

దీనమ్మ కూర్చుంది. నేను చెప్పిన చోట, నేను చెప్పినంత కాలం. ఇరవై ఏడేళ్ల మనిషి నలభై దాటింది. యేసోబు రాలేదు, జాబూ లేదు. జ్వరం వస్తే ఒక్కతే పడుకుంది, బిడ్డను ఒక్కతే చదివించింది, ఒక్కతే పెండ్లి చేసింది. నడుము వంగింది. కానీ ఆమె ఎండిపోలేదు. ఇదే నాకు అంతుపట్టనిది. ఏళ్లు గడిచేకొద్దీ ఆమెలో ఏదో గట్టిపడుతూ వచ్చింది. ఊళ్లో ఎవరి ఇంట చావు జరిగినా మొదట ఆమెనే పిలిచేవాళ్లు. ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుంటే చాలు, వాళ్లు తేరుకునేవాళ్లు. అబద్ధం మీద నిలబడిన మనిషికి ఇంత బలం ఎక్కడిది? దేవుడు నా మోసాన్ని దాటి ఆమెను చేరుకున్నాడా? అలా అయితే నేను చేసింది మంచే అవుతుందా? ఈ చివరి ప్రశ్న వచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపించేది. ఆమె బలాన్ని తెచ్చి నా తప్పుకు మందు పూసుకోవడం కాదా ఇది?

అయ్యగారు పక్షవాతంతో కడపలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, దీనమ్మ ఫ్యాక్టరీ పని మానుకుని వచ్చి పదకొండు రోజులు మాతో ఉంది. ఆయన నోరు తుడిచింది, నాకు జడ వేసింది. కనిపెట్టుకుందాం అమ్మగారూ అన్నది. ఆ మాట వినగానే లేచి బాత్రూములోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను దాచిన సంగతి తెలియకుండానే ఆయన పోయారు. ఆ తర్వాత నేను కడపలో మా చెల్లెలి ఇంటికి మారాను. ఆదివారం ఆదివారం దీనమ్మ ఫోను చేసేది. నా బీపీ మాత్రల గురించి అడిగేది. యేసోబు సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే మాత్రం ఇప్పటికీ ఎత్తడానికి వెనకాడతాను. మళ్లీ అతనేనేమో అని. బస్టాండులో కువైట్ నుంచి పెద్ద పెద్ద పెట్టెలతో దిగినవాళ్లను చూస్తే ముఖాలు వెతుకుతాను. కనపడితే ఏం చేస్తానో నాకు తెలియదు.

ఇదంతా నాతోనే మట్టిలో కలిసిపోతుందనుకున్నాను. పోయిన నెల బ్లెస్సీ వచ్చింది.

ఇరవై ఏళ్ల పిల్ల. పెండ్లయి ఏడాదిన్నర. మొగుడు లారీ డ్రైవరు. తాడిపత్రిలో ఇంకొకామెతో ఉంటున్నాడు, ఇంక ఇంటికి రానని మనిషితో చెప్పి పంపాడు. ఈ పిల్లకు కర్నూలులో నర్సింగు ట్రైనింగులో సీటు వచ్చింది. సోమవారం చేరాలి. చేరకపోతే సీటు పోతుంది. వాళ్లమ్మ వద్దంటోంది. ఇల్లు విడిచిపోతే వాడు తిరిగొచ్చినప్పుడు ఎట్లా, నేను కనిపెట్టుకోలేదా, దేవుడు నాకు బలమియ్యలేదా అంటోంది. బ్లెస్సీ ఇవన్నీ చెప్పి, నా కాళ్ల దగ్గర కూర్చుని అన్నది:

“కూర్చోమని మీరంటే కూర్చుంటా అమ్మగారూ. మీరు చెప్తే దేవుడు చెప్పినట్టే.”

తల్లి అన్న మాటే, తల్లి గొంతుతోనే. ఇరవై ఏళ్ల ఈ పిల్ల కూడా వాకిట్లో కూర్చుని ముసలిదైపోవడం నా కళ్లకు కట్టింది. దీనమ్మ బిడ్డకు నేర్పుతున్నది దేవుని మాట కాదు, నా మాట. నేను బతికి ఉండగానే అది రెండో మనిషిని మింగబోతోంది. చెప్పులు తొడుక్కున్నాను. పద, మీ అమ్మ దగ్గరికి పోదాం అన్నాను. బస్సులో దారి పొడుగునా ఆ పిల్ల ఏదో అడుగుతూనే ఉంది. నేను కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాను, ఏది ముందు చెప్పాలో కూడబలుక్కుంటూ.

దీనమ్మ చేటలో చెనిక్కాయలు వలుస్తోంది. నన్ను చూసి మురిసిపోయింది. లేవబోతే లేవొద్దన్నాను. కింద కూర్చున్నాను. చెప్పాను. ఫోను సంగతి, అతనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. కార్డు ఎలా వెతికానో, ఎక్కడ దోపుకున్నానో, ఎలా ఇచ్చానో. ఎందుకు చేశానో కూడా చెప్పాను, పొయ్యి దగ్గర కాచుకున్న సంగతితో సహా. జాలితో చేశాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. సగంలో ఉండగా ఆమె చేతులు ఆగిపోయాయి. బ్లెస్సీ గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది.

చివరికి దీనమ్మే అన్నది.

“అయితే ఇన్నేండ్లు నాకు బలమిచ్చిందెవరు అమ్మగారూ?”

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఈ ప్రశ్న వస్తుందని బస్సులో ఒక జవాబు తయారుచేసుకున్నాను. కార్డు నాదే అయినా నిన్ను పట్టుకున్న చెయ్యి నాది కాదు అని. నేను అలాగే నమ్ముతున్నాను, ఈ రోజుకీ. ఆమె కూర్చున్నది నా కార్డు పట్టుకునే అయినా, ఆనుకున్నది మాత్రం ఆయన మీదే. కానీ నా నోటితో ఆ మాట చెబితే ఇంకో కార్డు తీసిచ్చినట్టే కదా. నాకు తెలియదు దీనమ్మా అన్నాను. ఆమె కూతురి వైపు తిరిగింది.

“సోమవారం పోవల్ల గదా. సంచి సర్దుకోపో.”

అంతే అన్నది. బ్లెస్సీ లోపలికి పోయింది. చెక్కపెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది.

నేను లేచాను. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదని పెద్దమనిషిలా అనుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. క్షమించనంటుందేమోనని భయపడ్డాను. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

“అమ్మగారూ. ఆ పొద్దు ఫోనులో, పాపను అడిగినాడా?”

ఆమె చేటలోకే చూస్తోంది. అడిగాడు, ముద్దులు పంపాడు అనొచ్చు. ఎవరికి నష్టం? పదిహేనేళ్ల తర్వాత ఒక తల్లికి ఒక చిన్న ఊరట. నాకు అబద్ధం ఎంత తేలికో మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది. నోరు దానికే తెరుచుకుంది కూడా.

“లేదమ్మా. అడగలేదు” అన్నాను.

ఆమె తల ఊపింది. మళ్లీ వలవడం మొదలుపెట్టింది. నేను బస్టాపు దాకా నడిచి వచ్చాను. ఊపిరి కింది దాకా ఆడుతోంది, ఎన్నో ఏళ్ల తర్వాత. అప్పటినుంచి నాలుగు ఆదివారాలు గడిచాయి. దీనమ్మ ఫోను చేయలేదు. నేనూ చేయను. ప్రార్థనకు కూర్చుంటున్నాను. అవతల చప్పుడు ఇంకా లేదు. అయినా ఊరికే కూర్చుంటున్నాను.